తేడా ఉంటే తెలిసేలా ఉండాలి: ఒక పోస్టర్ చేస్తూ డిజైన్ మొదటి పాఠాలు

డిజైన్ నేర్చుకుందామని కూర్చుంటే ముందుగా ఎదురయ్యేది ఒక పట్టిక. చుక్క, గీత, ఆకారం, రంగు, టెక్స్చర్, ఖాళీ. ఆ వెంటే బ్యాలెన్స్, కాంట్రాస్ట్, లయ, ఐక్యత. పట్టికలో తప్పేం లేదు. కానీ దాన్ని బట్టీపట్టి కంప్యూటర్ ముందు కూర్చుంటే మాత్రం చెయ్యి ఆడదు. అందుకని ఇక్కడ ఒకే పని పెట్టుకుందాం: రక్తదాన శిబిరానికి ఏ4 సైజు పోస్టర్ ఒకటి తయారు చేయాలి. పని నడుస్తుండగా ఏది అవసరమైతే దాని సంగతి అక్కడే చూద్దాం.

ఒక్క సూత్రం మాత్రం ముందే చెప్పేస్తాను, ఎందుకంటే అడుగడుగునా దానితోనే పని. పేజీ మీద ఏ రెండిటినైనా చూడండి. అవి అచ్చంగా ఒకేలా ఉండాలి, లేదంటే తేడా ఉందని ఎవరికైనా ఇట్టే తెలిసిపోవాలి. రెండూ కాక మధ్యలో ఉంటే చూసేవాళ్లకు అది పొరపాటులా కనిపిస్తుంది.

1. సాఫ్ట్‌వేర్ తెరవకండి, ముందు మాటలు రాయండి

పోస్టర్‌లో ఉండాల్సినవన్నీ కాగితం మీద వరసగా రాయండి. శిబిరం పేరు, తేదీ, వేళలు, చోటు, ఎవరు రక్తం ఇవ్వొచ్చు, ఫోన్ నంబరు, నిర్వాహకుల పేర్లు, లోగోలు, నినాదం. ఇప్పుడు ఒక్కోదాని పక్కన అంకె వేయండి. దారిన పోయేవాళ్లు ఆగకుండానే చూడాల్సింది 1. ఆగినవాళ్లు వెతుక్కునేది 2. వద్దామని నిర్ణయించుకున్నాక అవసరమయ్యేది 3. ఒకటో అంకె ఒక్కదానికే దక్కాలి. మన పోస్టర్‌లో అది ‘రక్తదాన శిబిరం’ అన్న రెండు మాటలకే. తేదీ, వేళ, చోటు రెండో వరస. తక్కినవన్నీ మూడు.

అసలు పేచీ ఇక్కడే వస్తుంది. నిర్వాహకులకు తమ పేర్లే ఒకటో నంబరు. చూసేవాళ్లకు అవి మూడో నంబరు కూడా కాకపోవచ్చు. ‘అన్నీ కాస్త పెద్దగా వేసెయ్యండి’ అనేవాళ్లు ప్రతి బృందంలోనూ ఒకరుంటారు. వాళ్లతో వాదించేకన్నా రెండు నమూనాలు ప్రింటు తీసి గోడకు అంటించి, నాలుగడుగులు వెనక్కి నిలబెట్టి చూపించడం సులువు.

ఈ అంకెల వెనక కంటి కారణం ఉంది. చెయ్యి పూర్తిగా చాచి బొటనవేలి గోరు చూడండి. ఏ క్షణంలోనైనా కన్ను నిశితంగా చూడగలిగేది దాదాపు ఆ గోరు వెడల్పంత మేరనే, అంటే సుమారు 2 డిగ్రీలు. దాని చుట్టూ అంతా మసక. పేజీని మనం ఒక్కసారిగా చూడం, చూపు ఒకచోటి నుంచి ఇంకోచోటికి దూకుతూ పోతుంది. తర్వాత ఎక్కడికి దూకాలో తేల్చేది చాలావరకు ఆ మసక చూపే. మసకలోనూ ఆనేవి కొన్నే: పెద్ద సైజు, ముదురు లేతల తేడా, చుట్టూ ఉన్న ఖాళీ. చిన్నచిన్న అలంకారాలు, అంచుల్లో పువ్వులు ఆ మసకలో కలిసిపోతాయి. చూపును పిలవాలంటే వాటి మీద ఆధారపడి లాభం లేదు.

2. పెన్సిల్‌తో చిన్న డబ్బాలు గీయండి

ఏ4 కాగితం 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 మిల్లీమీటర్ల ఎత్తు. అదే నిష్పత్తిలో 4 సెంటీమీటర్ల వెడల్పు, 5.7 సెంటీమీటర్ల ఎత్తుతో ఓ ఆరు డబ్బాలు గీయండి. లోపల అక్షరాలు రాయొద్దు. హెడ్డింగ్‌కు దట్టమైన పట్టీ, సమాచారానికి సన్నని గీతలు, బొమ్మకు పెన్సిల్‌తో రుద్దిన బూడిద రంగు ముక్క. అంతే.

మొదటి రెండు డబ్బాల్లో వచ్చేవి మీరు ఇదివరకు ఎక్కడో చూసిన పోస్టర్లే అయి ఉంటాయి. హెడ్డింగ్ పైన మధ్యలో, బొమ్మ కింద, వివరాలు అడుగున. దాన్ని పక్కనపెట్టి, హెడ్డింగ్‌ను అడుగుకు తెచ్చి చూడండి. బొమ్మను పేజీ బయటికి సగం తోసేయండి. ఒక డబ్బాలో మూడింట రెండొంతులు ఖాళీగానే వదిలేయండి. సాఫ్ట్‌వేర్‌లో ఇన్ని ప్రయోగాలు చేయబుద్ధి కాదు. అక్కడ ఫాంట్ ఎంచుకోవడంతోనే పొద్దు గడిచిపోతుంది.

3. అంచు ఒకటి తేల్చుకోండి

నచ్చిన డబ్బాను కంప్యూటర్‌లోకి తెచ్చేటప్పుడు మొదట మార్జిన్ పెట్టండి. ఏ4కు 15 నుంచి 20 మిల్లీమీటర్లు బాగుంటుంది. తర్వాత పేజీని నిలువుగా 4 సమాన భాగాలు (కాలమ్‌లు) చేస్తూ గైడ్ గీతలు వేసుకోండి. దీన్నే గ్రిడ్ అంటారు. 1950ల్లో జ్యూరిచ్ కచేరీలకు పోస్టర్లు చేసిన స్విస్ డిజైనర్ జోసెఫ్ ముల్లర్ బ్రాక్‌మన్ వంటివాళ్లు ఈ పద్ధతిని చాలా దూరం తీసుకెళ్లారు. మనకు అంత కట్టుదిట్టం అక్కర్లేదు. ప్రతి వస్తువూ ఏదో ఒక గైడ్ గీతను ఆనుకుని మొదలైతే చాలు.

కొత్తగా చేసేవాళ్లు అన్నిటినీ మధ్యకు సర్దుతారు. మధ్యకు సర్దడం తప్పేం కాదు, మూడు నాలుగు పొట్టి వరసలున్న ఆహ్వానానికి అది అందమే. వివరాలు ఎక్కువయ్యేకొద్దీ ఇబ్బంది మొదలవుతుంది. రెండు వైపులా అంచులు ఎగుడుదిగుడుగా ఉండటంతో ప్రతి వరస ఎక్కడ మొదలైందో కన్ను కొత్తగా వెతుక్కోవాలి. అవే వరసల్ని ఎడమ అంచుకు చేర్చండి. గీత గీయకుండానే పేజీలో ఓ నిలువు గీత కనిపిస్తుంది.

మొదట్లో చెప్పిన సూత్రం ఇక్కడ బాగా పనికొస్తుంది. తేదీ ఒక గీత మీద మొదలై, చోటు 2 మిల్లీమీటర్లు లోపలికి మొదలైతే చేయి జారినట్టుంటుంది. కలపాలనుకుంటే పూర్తిగా కలపండి, వేరు చేయాలనుకుంటే ఒక కాలమ్ అవతలికి జరిపేయండి.

అయితే వస్తువుల్ని ఒక వరసకు సర్దే ఎలైన్ బటన్ సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది, దాన్ని కూడా గుడ్డిగా నమ్మకండి. అది కొలతను చూస్తుంది, కన్ను బరువును చూస్తుంది. వీడియో ప్లే గుర్తులా గుండ్రటి బిళ్లలో త్రిభుజం పెట్టాల్సి వస్తే, కొలతకు సరిగ్గా మధ్యలో పెట్టినా అది ఎడమకు ఒరిగినట్టే ఉంటుంది. కొంచెం కుడికి తోస్తేనే కుదురుతుంది. ఒకే ఎత్తున్న చతురస్రం, వృత్తం పక్కపక్కన పెడితే వృత్తం చిన్నదనిపిస్తుంది. మన పోస్టర్‌లో రక్తపు చుక్క గుర్తుకూ ఇదే వర్తిస్తుంది. పైన మొన తేలి ఉంటుంది కాబట్టి, పక్కనున్న అక్షరాల ఎత్తు కన్నా దాన్ని కాస్త పొడవుగా పెట్టాలి. ఇలాంటి చోట చివరి మాట కంటిదే.

4. ఖాళీని పంచండి

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

దగ్గరగా ఉన్నవాటిని కన్ను ఒక గుంపుగా చూస్తుంది. జర్మనీలో మనస్తత్వ శాస్త్రవేత్త మాక్స్ వెర్త్‌హైమర్ 1923లో ఈ విషయాన్ని చుక్కలతో చూపించాడు. ఒకే వరసలో చుక్కలు పెట్టి, వాటి మధ్య దూరాన్ని ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ చేస్తూ పోతే, చూసేవాళ్లకు జంటలు జంటలుగా కనిపిస్తాయి. జంటలుగా చూడమని ఎవరూ చెప్పక్కర్లేదు, అలా చూడకుండా ఉండటమే కష్టం.

దీన్ని పోస్టర్‌లోకి తెద్దాం. మీ దగ్గర ఈ వరసలున్నాయనుకోండి: ‘తేదీ’, దాని కింద అసలు తేదీ, ‘వేళ’, దాని కింద సమయం, ‘చోటు’, దాని కింద చిరునామా. చాలామంది ఆరు వరసల మధ్యా ఒకే దూరం ఉంచుతారు. అప్పుడు ‘వేళ’ అన్న మాట పైనున్న తేదీకి చెందిందా, కిందున్న సమయానికి చెందిందా అన్నది చదివితే తప్ప తెలియదు. ఇప్పుడు ‘వేళ’కూ సమయానికీ మధ్య 3 మిల్లీమీటర్లు, సమయానికీ ‘చోటు’కూ మధ్య 9 మిల్లీమీటర్లు పెట్టండి. చదవకముందే మూడు జంటలు తేలతాయి. పెట్టెలు గీయలేదు, మధ్యలో గీతలు వేయలేదు, రంగు మార్చలేదు.

గుంపు లోపలి ఖాళీ ఎప్పుడూ గుంపుల మధ్య ఖాళీ కన్నా తక్కువ ఉండాలి. ఎంత తక్కువ? సగం, లేదా మూడో వంతు. 8 మిల్లీమీటర్లకూ 9 మిల్లీమీటర్లకూ తేడా చూసేవాళ్లకు ఆనదు, పైగా అజాగ్రత్తగా సర్దినట్టు ఉంటుంది. పేజీ మొత్తానికి మూడే కొలతలు పెట్టుకోవడం నా పద్ధతి. గుంపు లోపల 3, గుంపుల మధ్య 9, పెద్ద భాగాల మధ్య 27. ఈ అంకెల్లో మహిమేమీ లేదు. కొన్నే ఉండటం, ఒకదానికొకటి బాగా దూరంగా ఉండటం, అదే అసలు సంగతి.

ఉపశీర్షికలు పెట్టేటప్పుడు కూడా ఇంతే. ‘ఎవరు రక్తం ఇవ్వొచ్చు?’ అన్న వరసకు పైన ఎక్కువ ఖాళీ, కింద తక్కువ ఖాళీ. రెండు వైపులా సమానంగా ఉంటే ఆ శీర్షిక ఎవరికీ చెందకుండా మధ్యలో వేలాడుతుంది. వర్డ్ ప్రాసెసర్‌లో ఎంటర్ కీ రెండుసార్లు కొట్టే అలవాటు వల్ల వచ్చే తంటా ఇది. పేరా సెట్టింగ్స్‌లో ముందు ఖాళీ, వెనక ఖాళీ విడివిడిగా పెట్టుకునే వీలుంటుంది, దాన్ని వాడండి.

ఇక మిగిలిపోయిన ఖాళీ. కుడివైపు ఓ మూల బోసిగా కనిపిస్తే అక్కడ ఏదో ఒకటి పెట్టాలని చెయ్యి దురద పెడుతుంది. ఆగండి. హెడ్డింగ్ చుట్టూ ఉన్న ఆ ఖాళీయే దాన్ని పెద్దగా చూపిస్తోంది. దాన్ని నింపితే, పోయిన బలం కోసం హెడ్డింగ్‌ను ఇంకా పెంచాల్సి వస్తుంది. ఖాళీని చిన్న ముక్కలుగా అన్ని మూలలా చల్లడం కన్నా ఒకేచోట పోగు చేయడం మేలు.

5. మూడు సైజులు, ఒక ఫాంట్

ముందు మూడు అంకెలు వేశాం కాబట్టి మూడు సైజులు చాలు. హెడ్డింగ్ 72 పాయింట్లు, తేదీ, చోటు 30 పాయింట్లు, మిగతావి 16 పాయింట్లు. చూడండి, ఒక్కో మెట్టూ కింది మెట్టుకు దాదాపు రెట్టింపు. 16 పక్కన 18 పెడితే ఎవరికీ ఉపయోగం లేదు.

ఇంగ్లిష్ డిజైన్ పాఠాలు చదివి తెలుగులో పనిచేసేవాళ్లు ఇక్కడ కాస్త ఆగాలి. మన లిపిలో పెద్దబడి అక్షరాలు లేవు, వాలు అక్షరాలకు లిపిలో సంప్రదాయమూ లేదు. సాఫ్ట్‌వేర్ బలవంతంగా వంచిన తెలుగు వాలు అక్షరం తూలి పడబోతున్నట్టే ఉంటుంది. కాబట్టి మన చేతిలో ఉన్నవి సైజు, బోల్డ్, రంగు, ఖాళీ. అవి చాలు.

వరసల మధ్య దూరం ఇంకో సంగతి. ఇంగ్లిష్‌కు అక్షరం సైజు మీద 1.2 రెట్లు పెడితే సరిపోతుంది. తెలుగులో పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరం రాసి చూడండి, పైకీ కిందికీ ఎంత చోటు తీసుకుంటుందో. పై వరసలోని వత్తు కింది వరస గుడిని తాకకుండా ఉండాలంటే 1.5 రెట్లతో మొదలుపెట్టి, ఫాంట్‌ను బట్టి అటూ ఇటూ సవరించాలి. పెద్ద హెడ్డింగ్ రెండు వరసలైతే ఎక్కడ తగులుతున్నాయో ఒక్కో అక్షరం చూసి మరీ సర్దుకోండి.

రెండు అంచులూ సమంగా వచ్చేలా జస్టిఫై చేయడం ఇరుకు కాలమ్‌లో వద్దు. తెలుగు మాటలు పొడుగు, సంధులు విభక్తులు కలిసి ఇంకా పొడుగవుతాయి. వరసకు మూడు మాటలే పడితే వాటి మధ్య గుంటలు ఏర్పడతాయి. చోటు చాలలేదని అక్షరాలను అడ్డంగా సాగదీయడం, నొక్కేయడం కూడా వద్దు. సన్నని గీతలు, లావు గీతలు ఉండాల్సిన పాళ్లు తప్పి అక్షరం వికారమవుతుంది. మాటలు తగ్గించండి.

ఒక ఫాంట్ కుటుంబంలోనే లావు, మామూలు రెండూ ఉంటే దాన్నే వాడండి. రెండో ఫాంట్ తప్పనిసరైతే మొదటిదానికి పూర్తిగా భిన్నమైనది ఎంచుకోండి.

6. రంగు వేయకముందు నలుపు తెలుపులో నిలబెట్టండి

ఇంతవరకు రంగు మాటే ఎత్తలేదు, కావాలనే. నలుపు తెలుపులో వరస తప్పిన పేజీని రంగు బాగుచేయలేదు.

నలుపు తెలుపులో బాగుందనిపించాక ఒకే ఒక్క రంగు చేర్చండి. రక్తదానం అనగానే అందరూ ఎరుపే ఎంచుకుంటారు, కానివ్వండి. కానీ ఏ ఎరుపు? వెబ్ పేజీల కోసం వేసుకున్న అంతర్జాతీయ ప్రమాణాల్లో అక్షరానికీ నేపథ్యానికీ మధ్య ఉండాల్సిన కాంట్రాస్ట్ (ముదురు లేతల తేడా) నిష్పత్తి కనీసం 4.5:1, పెద్ద అక్షరాలకైతే 3:1. తెలుపు మీద నలుపు 21:1, అంతకన్నా ఎక్కువ సాధ్యం కాదు. స్క్రీన్ మీద కనిపించే నిఖార్సైన ఎరుపు, తెలుపు మీద దాదాపు 4:1 దగ్గర ఆగిపోతుంది. అంటే 72 పాయింట్ల హెడ్డింగ్‌కు పనికొస్తుంది, చిన్న అక్షరాలకు చాలదు. దాన్నే కాస్త ముదురు చేస్తే హద్దు దాటేస్తుంది. తెలుపు మీద పసుపు అక్షరాలైతే 1:1 దగ్గర్లోనే ఉంటాయి, ఇక వాటిని ఎవరు చదువుతారు? ఈ నిష్పత్తిని లెక్కగట్టే ఉచిత పరికరాలు ఆన్‌లైన్‌లో బోలెడున్నాయి. రెండు రంగుల కోడ్‌లు ఇస్తే చాలు.

రంగు ఒంటరిగా ఉండదన్నది రెండో సంగతి. పారిస్‌లోని గొబెలాఁ వస్త్ర కర్మాగారంలో అద్దకాల విభాగానికి 1824 నుంచి రసాయన శాస్త్రవేత్త మిషెల్ షెవ్రోల్ అధిపతిగా ఉండేవాడు. నలుపు దారాల్లో పస లేదని అక్కడివాళ్ల ఫిర్యాదు. వేరే చోట్ల అద్దిన నలుపుతో పోల్చి చూస్తే ఈ నలుపులో లోపమేమీ దొరకలేదు. తంటా అంతా పక్కనున్న నీలం, ఊదా రంగులది. ఒక రంగు పక్కదాని మీద ఎలా ప్రభావం చూపుతుందో అతను పట్టుబట్టి పరిశీలించి 1839లో అచ్చు వేయించాడు. మీ పోస్టర్‌లో ఎరుపు వెలవెలబోతుంటే దాన్ని మార్చే ముందు దాని వెనకాల నేపథ్యం మార్చి చూడండి. ఘాటైన ఎరుపును ఘాటైన నీలం మీద పెడితే అంచులు అదురుతున్నట్టు కనిపిస్తాయి, బూడిద రంగు మీద పెడితే కుదురుకుంటుంది.

రంగు ఒక్కదాని మీదే అర్థం మోపకండి. ఐరోపా మూలాలున్న మగవాళ్లలో దాదాపు 8 శాతం మందికి ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగా తెలియదు. ‘ఇవ్వొచ్చు’ వాళ్లను ఆకుపచ్చలో, ‘ఇవ్వకూడదు’ వాళ్లను ఎరుపులో రాసి ఊరుకుంటే సరిపోదు. పక్కన టిక్కు, ఇంటూ గుర్తులు కూడా పెట్టండి.

7. బొమ్మ ఎటు చూస్తోంది?

మనిషి ముఖం ఉంటే చూపు ముందు అక్కడికే పోతుంది, ఆ ముఖం ఎటు చూస్తుంటే అటు మళ్లుతుంది. ఫోటోలో మనిషి పేజీ బయటికి చూస్తుంటే పాఠకుణ్ని మీరే చేజేతులా బయటికి పంపినట్టు. ముఖం హెడ్డింగ్ వైపు తిరిగి ఉండేలా బొమ్మ చోటు మార్చండి. ఫోటోను అద్దంలోలా తిప్పేయడం సులువే కానీ, అందులో రాతలో, చేతి గడియారమో ఉంటే దొరికిపోతారు.

ఫోటో కత్తిరించేటప్పుడు మూడు భాగాల సూత్రం అందరికీ తెలిసిందే. చట్రాన్ని అడ్డంగా, నిలువుగా మూడేసి ముక్కలు చేసి, ముఖ్యమైనదాన్ని ఆ గీతల మీద ఉంచడం. ఈ పేరు 1797లో జాన్ థామస్ స్మిత్ అనే ఇంగ్లిష్ చిత్రకారుడు ప్రకృతి దృశ్యాల గురించి రాస్తూ వాడినది. నా మటుకు నాకు ఇది మొదటి ప్రయత్నానికి పనికొచ్చే ఉపాయం, అంతవరకే. దాని ఉద్దేశం సరిగ్గా సగానికి కోయొద్దన్నదే. బంగారు నిష్పత్తి (సుమారు 1:1.618) పేరుతో లోగోల మీద చుట్టలు గీసి చూపే బొమ్మలు మీరూ చూసే ఉంటారు. వాటి జోలికి పోకపోయినా నష్టం లేదు.

కోసేటప్పుడు ధైర్యంగా కోయండి. తల పైభాగం కొంచెం తెగినట్టు వదిలేయకుండా, నుదురు వరకూ దగ్గరికి వెళ్లండి. చేతుల్ని మణికట్టు దగ్గర, మోచేతి దగ్గర తెంపొద్దు, కీళ్ల మధ్యలో తెంపండి. ఏ4 నిండా ఫోటో కావాలంటే 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) ప్రింట్‌కు 2480 × 3508 పిక్సెల్స్ ఉండాలి. మెసేజింగ్ యాప్‌లో పది చేతులు మారి వచ్చిన ఫోటోలో అన్ని ఉండవు.

8. బరువు ఒకవైపే ఉందా?

దీని గురించి ఎక్కువ చెప్పను. ముదురు రంగు లేతదాని కన్నా బరువు, పెద్దది చిన్నదాని కన్నా బరువు, అంచుకు దగ్గరున్నది మధ్యలో ఉన్నదాని కన్నా బరువుగా అనిపిస్తుంది. ఎడమవైపు దట్టమైన హెడ్డింగ్ ఉంటే కుడివైపు అడుగున ఓ చిన్న ముదురు ముక్క దాన్ని నిలబెడుతుంది, త్రాసులో దూరంగా పెట్టిన చిన్న రాయిలా. లోగోల వరసకు అదే తగిన చోటు. లోగోలన్నీ ఒకే ఎత్తుకు సర్దితే అడ్డంగా పొడుగ్గా ఉన్నవి మిగతావాటిని మింగేస్తాయి, కంటికి సమానంగా అనిపించేదాకా ఒక్కోదాన్ని పెంచుతూ తగ్గిస్తూ చూడండి.

9. పంపే ముందు

కళ్లు చిట్లించి చూడండి. అక్షరాలు మసకబారి ముద్దలుగా మారతాయి. ముందుగా కంటపడిన ముద్ద హెడ్డింగేనా? కాకపోతే ఒకటో మెట్టు దగ్గరికి పోండి. తర్వాత పేజీని తలకిందులు చేయండి. చదవడం కుదరదు కాబట్టి బరువు ఎటు ఒరిగిందో, ఖాళీ ఎక్కడ ఉక్కిరిబిక్కిరి అవుతోందో బయటపడుతుంది. ఫోన్‌లో బొటనవేలంత సైజుకు తగ్గించి చూడండి, చాలామంది దాన్ని అలాగే చూస్తారు.

ఈ పని గురించి ఏమీ తెలియని ఒకరికి మూడు సెకన్లు చూపించి మూసేయండి. ‘ఎలా ఉంది?’ అని అడగొద్దు, బాగుందనే అంటారు. ‘ఏం జరుగుతోంది, ఎప్పుడు?’ అని అడగండి. ఏం జరుగుతోందో చెప్పి, ఎప్పుడో చెప్పలేకపోతే తేదీ ఒక్కదాన్నే సవరించండి. మిగతావాటిని కదపొద్దు.

స్క్రీన్ మీద రంగులు వెలుతురుతో ఏర్పడతాయి, కాగితం మీద సిరాతో. స్క్రీన్‌లో మెరిసిన ఆకుపచ్చ, నీలం ప్రింట్‌లో మందగిస్తాయి. అందుకని ప్రింటు సిరాల లెక్కలో రంగులు చూపే సీఎంవైకే మోడ్‌లో ఓసారి చూసుకుని, రంగు నేపథ్యం అంచుదాకా ఉంటే చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కాగితం కోసేటప్పుడు తెగిపోయేలా అంచు బయటికి పొడిగించిన రంగు) వదిలి పీడీఎఫ్ చేయండి. ప్రెస్‌కు పంపే ముందు ఆ పీడీఎఫ్‌లోని ఫోన్ నంబరుకు మీరే ఒకసారి ఫోన్ చేసి చూడండి.